వినపడని పిల్లకు చప్పుడు రాని కిటికీ

ఆళ్లగడ్డలో అద్దాల గురించి తెలియని మనిషి లేడు. ఈ సంగతి మా ఇంటి కిటికీ మార్చాలనుకున్నాక తెలిసింది. అంతకుముందు మావాళ్లు వానల గురించీ ఓట్ల గురించీ మాత్రమే పండితులనుకునేవాణ్ని. టీ కొట్టు దగ్గర కిటికీ అనే మాట నా నోట్లోంచి బయటపడిందో లేదో, నలుగురు కలిసి నాలుగు రకాల అద్దాలు చెప్పారు. ఆ నలుగురిలో ఒక్కడి ఇంట్లో కూడా సరిగ్గా మూతపడే కిటికీ లేదని నేను ఒట్టేసి చెప్పగలను.

మా ఇల్లు విగ్రహాలు చెక్కే షెడ్డుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచో జనం కార్లలో వచ్చి, చెక్కిన దేవుడి ముందు నిలబడి, ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. ఆ ప్రశాంతత బయటికి రావడానికి ఎంత గోల పుడుతుందో వాళ్లకేం తెలుసు. ఉలి, సుత్తి ఆఖరి నగిషీలకే మిగిలాయి. మిగతాదంతా రాయి కోసే మిషనే. పొద్దున ఏడింటికి మొదలవుతుంది. ఆ చప్పుడు చెవిలోకి పోదు, నేరుగా పళ్లలోకి దిగుతుంది. శిల్పుల మీద నాకు కోపం లేదు. ఈ కథలో తమ పని తాము శుభ్రంగా చేసుకుంటున్నది దాదాపు వాళ్లొక్కరే.

మా పాపకు ఆరేళ్లు. పుట్టుకతోనే వినికిడి తక్కువ. మూడో ఏట రెండు చెవులకూ మిషన్లు పెట్టించాం. అప్పటి నుంచి నెలకు రెండు సార్లు బస్సులో నంద్యాలకు తీసుకుపోయి, మాటలు నేర్పే మేడం దగ్గర కూర్చోబెడతాం. మిగతా రోజుల్లో పాఠం ఇంట్లో నేనే చెప్పాలి. హైస్కూల్లో తెలుగు అయ్యవారిని కదా, పొద్దున బడికి పోయేముందు ఒక గంట. పాపకు అ, మ, ప, బ అన్నీ వచ్చాయి. స రాలేదు. సబ్బును అబ్బు అంటుంది, సూదిని ఊది అంటుంది. తన పేరు మొదటి అక్షరం కూడా సనే. ఎవరైనా పేరడిగితే పిల్ల తల లేని పేరు చెబుతుంది. అడిగినవాళ్లు నవ్వుతారు. రెండోసారి అడిగి మళ్లీ నవ్వుతారు.

మేడం ఒక రోజు నాతో, పాఠం చెప్పే గంటసేపు గదిలో ఫోను పెట్టి రికార్డు చేసుకురమ్మంది. చేసుకుపోయాను. ఆమె విని, ఇయర్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. నా గొంతు కంటే ఎదురు షెడ్డు మిషనే గట్టిగా ఉంది.

"గదిలో ఉన్నప్పుడు మీకు ఇంత తెలీదు సార్. మీ చెవి అక్కర్లేని దాన్ని పక్కన పెట్టేస్తాది. పాప చెవి మిషన్‌కు అంత తెలివి లేదు, దానికి దొరికిందల్లా పెద్దది చేసి లోపలికి తోస్తాది," అంది. "మన స ఉండాదే, అది సన్నని గాలి. రాయి కోసే చప్పుడూ అదే శ్రుతిలో ఉంటాది. దాంట్లో ఇది మునిగిపోతాంది. పాప విననే లేదు, ఇంక ఎట్లా పలుకుతాది?"

తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది. జూన్‌లో పాప ఒకటో తరగతికి పోవాలి. అప్పటికి స వస్తే వచ్చినట్టు. ఆ తర్వాత తప్పు పలుకు నాలుకకు అలవాటై, దిద్దడం చాలా కష్టమవుతుంది. అప్పుడు ఫిబ్రవరి. ఇల్లు మారే తాహతు లేదు. ఎదుటివాళ్ల బతుకుతెరువు ఆపమనే హక్కు లేదు. మిగిలింది కిటికీ.

ఇంటికి వచ్చి ఈ మాట అనగానే మొదటి తీర్పు మా బావ ఇచ్చాడు. మా ఆవిడకు అన్న. ఎరువుల అంగడి ఉంది. రోజూ సాయంత్రం మా వరండాలో కూర్చుని కాఫీ తాగి, మా సంసారంలో ఏదో ఒక లోపం ఎత్తిచూపితే గానీ ఆయనకు కాఫీ అరగదు.

"వినపడని పిల్లకు సౌండుప్రూఫ్ యాల బావా?" అన్నాడు. "చప్పుడు వినపడేటోళ్లకు గదా తలనొప్పి."

అని తన తెలివికి తానే నవ్వుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మాట అంగడికి వచ్చిన వాళ్లందరికీ ఎరువు బస్తాతో పాటు కట్టి ఇచ్చాడు. వారంలో ఊరంతా తిరిగింది. స్టాఫ్‌రూంలో లెక్కల సారు అడిగాడు. మంగలి అడిగాడు. కొలిమిగుండ్ల నుంచి మా పిన్నమ్మ ఫోన్ చేసి మరీ అడిగింది. అడిగిన ప్రతి మనిషీ ఆ ప్రశ్న తనకే మొదట తోచినట్టు అడిగాడు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ని. చెవి మిషన్ పెట్టుకున్న పిల్లకు మామూలు పిల్లల కంటే నిశ్శబ్దం ఎక్కువ కావాలని, మిషన్ అంటే కొత్త చెవి కాదని. అంతా విని తలలు ఊపేవాళ్లు. ఊపి, "అది సరే గానీ, వినపడనప్పుడు ఎందుకప్పా?" అనేవాళ్లు. పదిహేనేళ్లుగా పిల్లలకు సంధులు చెబుతున్నాను, ఇంత మొద్దు తలలు నా తరగతిలో ఎప్పుడూ కూర్చోలేదు.

ఆదివారం నంద్యాల పోయాను. అద్దాల అంగడి ఒకటి పెద్దగా కనిపిస్తే ఎక్కాను. వంశపారంపర్యంగా వ్యాపారం చేసే కుటుంబం. తాత ఇత్తడి బిందెలు అమ్మాడు, తండ్రి ట్యూబులైట్లు అమ్మాడు, ఇతను అద్దాలు అమ్ముతున్నాడు. గోడ మీద పటాల్లో తాతా తండ్రీ కూడా ఉన్నారు. ముగ్గురిదీ ఒకటే నవ్వు. ఏ సరుకైనా ఆ నవ్వుతోనే అంటగట్టి ఉంటారు.

"ఏం గావాల సార్?"

"బయటి చప్పుడు లోపలికి రాకూడదు. వేడి కూడా తగ్గితే మంచిది."

"కూలింగ్ గ్లాస్ ఏస్కోండి సార్. ఎండా రాదు, సౌండూ రాదు. డబుల్ ఏస్తా."

"డబుల్ అంటే రెండు అద్దాల మధ్య గాలి ఖాళీ ఉంటుందా?"

"మధ్యలో గాలి యాల సార్? గాలొచ్చే చోట సౌండొస్తాది. మేము రెండూ కలిపి అతికిస్తాం."

నల్లటి అద్దం ఒకటి తెచ్చి వేలి కణుపుతో టక్ టక్ కొట్టాడు. "సూడండి, ఎంత గట్టిగుండాదో."

"నల్లగా ఉంటే చప్పుడు ఎట్లా ఆగుతుందయ్యా?"

"నలుపు అన్నీ పీల్చుకుంటాది సార్. సైన్సు."

ఆ సైన్సు విన్నాక లేచి బయటికి రావాల్సింది. రాలేదు. ఎవరి కోసమని అడిగితే పాప సంగతి చెప్పాను. అతను వెంటనే ముఖం మార్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, "పాప కోసం అంటాండారు, ఇంక ఆలోచన పెట్టుకోవద్దు సార్," అన్నాడు. నేను కరిగిపోయాను. ఊళ్లో వాళ్లందరినీ మొద్దులని తిట్టుకుంటూ పోయిన వాణ్ని, నలుపు చప్పుడును పీలుస్తుందన్న మనిషికి అడ్వాన్సు చేతిలో పెట్టి వచ్చాను. వాళ్లకూ నాకూ తేడా ఏమిటంటే, నాకు సమాసాలు విడదీయడం వచ్చు, అంతే.

నాలుగు రోజుల్లో వచ్చి బిగించారు. అటూ ఇటూ జరిపే రెండు రెక్కలు, అల్యూమినియం చట్రం, బొగ్గు రంగు అద్దం. బిగించేవాడు "డిష్ వైరు యాడ నుంచి పోవాల?" అని అడిగి, జవాబు చెప్పేలోగా చట్రం మూలను నా బొటనవేలు పట్టేంత కోసి, వైరు దూర్చి, పని అయిపోయిందన్నాడు. మా బావ బయట నిలబడి చూసి, కిటికీ మంత్రిగారి కారులా ఉందని మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకున్నప్పుడే నాకు భయం వేయాల్సింది.

మర్నాడు పొద్దున పాఠానికి కూర్చున్నాం. షెడ్డులో మిషన్ మొదలైంది. చప్పుడు ఏమీ తగ్గలేదు. కానీ గది మాత్రం చీకటి పడింది. పాప నా వైపు చూసింది. కళ్లు చికిలించింది. ఆ తర్వాత లేచి దగ్గరికి వచ్చి, నా గడ్డం రెండు చేతులతో పట్టుకుని, నా ముఖాన్ని వాకిలి వెలుతురు వైపు తిప్పింది.

చెవితో అందని సగం మాటను మా పాప పెదవుల మీద చదువుకుంటుంది. నేను చప్పుడును అలాగే ఉంచి, పెదవులను తీసేశాను. ఆ ఉదయం నన్ను నేను అసహ్యించుకున్నంతగా ఇంకెవర్నీ అసహ్యించుకోలేదు.

అంగడికి ఫోన్ చేస్తే, "అలవాటైతే తగ్గుతాది సార్," అన్నాడు. చీకటిగా ఉందంటే, "లైటు ఏస్కోండి," అన్నాడు.

తర్వాతి ఆదివారం నంద్యాలలోనే ఇంకో షాపు. ఇది షోరూం. చల్లని గది, మెడలో టై కట్టుకున్న సేల్స్‌మన్. చెక్క పెట్టెలో పాట పెట్టి, దానికి ఒక కిటికీ రెక్క బిగించి ఉంచారు. రెక్క తెరిస్తే పాట, మూస్తే దాదాపు నిశ్శబ్దం. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు అతని చెయ్యి చూశాను. రెక్కను అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుని ఉన్నాడు.

"చెయ్యి తీయండి," అన్నాను.

"చెయ్యి తీస్తే ఎట్ల సార్? డెమో గదా."

నేనే అతని చెయ్యి పట్టి తీశాను. పాట మళ్లీ వచ్చింది, చరణంతో సహా. పొద్దస్తమానం మా కిటికీని అదిమి పట్టుకోవడానికి మీ షోరూం నుంచి మనిషిని పంపుతారా అని అడిగితే, అది ప్యాకేజీలో లేదని చాలా మర్యాదగా చెప్పాడు.

ఆ రోజు మేడం దగ్గర పాపకు పరీక్ష ఉంది. ఆమె గదిలో కూలబడి నా కష్టమంతా వెళ్లబోసుకున్నాను. ఆమె అంతా విని, "ఈ గదికి కిటికీ ఏసినాయన్నే అడిగిండొచ్చు గదా సార్?" అంది.

తల తిప్పి చూశాను. బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు మీద ఉన్న గది అది. మూడేళ్లుగా నెలకు రెండు సార్లు అక్కడ కూర్చుంటున్నాను. ఆ గదికి కిటికీ ఉందని ఆ రోజే గమనించాను. చప్పుడు ఎందుకు లేదని ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

ఆమె చెప్పిన మనిషి ఒక ముసలి సాయిబు. కొలతల టేపు జేబులో వేసుకుని బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చాడు. వచ్చి అద్దం వైపు చూడను కూడా చూడలేదు.

"ఊదుబత్తి ఉందా అమ్మా?" అని మా ఆవిడను అడిగాడు.

సాయిబుకు ఊదుబత్తి ఎందుకో ఆమెకు అర్థం కాకపోయినా, దేవుడి గూట్లోంచి తెచ్చి ఇచ్చింది. ఆయన వెలిగించి, ఫ్యాన్ ఆపమని, కిటికీ మూసి, అంచుల వెంబడి మెల్లగా తిప్పాడు. పొగ నిలువుగా లేస్తూ ఉంది. రెండు రెక్కలు కలిసే చోట వంకర తిరిగింది. కింద పట్టాల దగ్గర చెదిరింది. డిష్ వైరు మూల దగ్గరికి రాగానే బయట ఎవరో పీల్చినట్టు పోయింది. ఆఖరున కుర్చీ ఎక్కి, కిటికీ పైన ఉన్న వెంటిలేటర్ దగ్గర పెట్టాడు. పొగ మొత్తం లోపలికే వచ్చి ఆయన గడ్డంలో దూరింది.

"పొగ యాడ పోతాదో, చప్పుడు ఆడనే వస్తాది సారూ," అన్నాడు దిగుతూ. "మీరు అద్దం కొన్నారు. కిటికీ కొనలేదు."

ఇంత తెలివైన మాట ఆ నెలన్నరలో నేను విన్నది అదొక్కటే. ఏం చేయాలో కూడా నాలుగు ముక్కల్లో చెప్పాడు. జరిపే రెక్కలు వద్దు, బయటికి తెరుచుకునే ఒంటి రెక్క కావాలి, చుట్టూ రబ్బరు, మూసి గొళ్లెం తిప్పితే రెక్క రబ్బరులోకి అదిమి కూర్చోవాలి. అద్దాలు రెండు, మధ్యలో గాలి ఖాళీ, అంచులు ఫ్యాక్టరీలోనే మూసి రావాలి. ఒకటి లావు, ఒకటి సన్నం. ఎందుకని అడిగాను.

"రెండూ ఒకటే లావుంటే ఒకటే చప్పుడుకు రెండూ ఊగుతాయి. ఏరేవి పెడితే, ఒకటి ఇడిసింది ఇంకోటి పట్టుకుంటాది."

"వేడికి నల్ల అద్దం?"

"ఎందుకు? పాపకు ఎలుతురు గావాల గదా. తెల్లదే పెట్టు. ఎండ అద్దం మీద పడినాక ఆపేదేంది, బయట కిటికీ మీద నీడకు రేకు పంచ దింపు, బయటే ఆగిపోతాది. మధ్యలో గాలి ఉండాదే, అదీ కొంత వేడిని ఆపుతాది. ఆ పైనుండే వెంటిలేటర్ గూడా మూసెయ్యాల."

ఈ ఆఖరి మాట వరండాలో కాఫీ తాగుతున్న మా బావ చెవిన పడింది. గ్లాసు కింద పెట్టి లోపలికి వచ్చాడు. ఎరువులు అమ్మే మనిషి ఉన్నపళంగా వాస్తు పండితుడైపోయాడు.

"వెంటిలేటర్ ఎట్లా మూస్తావు బావా? ఈ ఇంటికి కిటికీలు ఎనిమిది, వెంటిలేటర్లు నాలుగు. పన్నెండు. నేనే లెక్కబెట్టించి కట్టించినా. ఒకటి మూస్తే పదకొండు. బేసి. పిల్లకు మంచిది గాదు."

సాయిబు టేపు చుట్టుకుంటూ నేల వైపు చూస్తున్నాడు. నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు మా ఆవిడ మాట్లాడింది. వాళ్ల అన్నకు ఎదురు చెప్పడం పెళ్లైన పదేళ్లలో నేను వినలేదు.

"బేసి అయితే రెండోది గూడా మూసేస్తాం అన్నా. పది. సరి అవుతాది. సాయిబూ, ఆ పక్క గోడ వెంటిలేటర్‌కు గూడా కొలత తీస్కో."

మా బావ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. పది సరిసంఖ్యే. కాఫీ సగంలో వదిలి వెళ్లిపోయాడు. నిజానికి ఆ రెండో వెంటిలేటర్ నుంచి కూడా బాగానే చప్పుడు వచ్చేదని తర్వాత తెలిసింది. వాస్తు వల్ల మా ఇంటికి జరిగిన మేలు అదొక్కటే.

అద్దాలు తయారై రావడానికి ఇరవై రోజులు పట్టింది. సాయిబు పొద్దుననుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని బిగించాడు. డిష్ వైరును గోడ కింది నుంచి తిప్పి తెచ్చి, బెజ్జంలో సిమెంటు మెత్తాడు. ఆఖరున మళ్లీ ఊదుబత్తి వెలిగించి అంచుల వెంబడి తిప్పాడు. పొగ ఎక్కడా వంగలేదు. అప్పుడు నన్ను గొళ్లెం తిప్పమన్నాడు.

తిప్పాను. ఎదురు షెడ్డులో మిషన్ నడుస్తోందని కళ్లకు తెలుస్తోంది, దుమ్ము లేస్తోంది. చప్పుడు మాత్రం ఎక్కడో పక్క వీధిలో కుట్టు మిషన్ నడిచినంత. పాప బొమ్మతో ఆడుకుంటున్నది ఆగిపోయింది. చెవి మీద చెయ్యి పెట్టుకుంది. మిషన్‌ను తట్టింది. పోయి అలమరలోంచి బ్యాటరీల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. బ్యాటరీ అయిపోయిందనుకుంది. మూడేళ్లుగా ఆ మిషన్ పెట్టుకుంటే ప్రపంచం ఎప్పుడూ కూస్తూనే ఉంటుందని ఆ పిల్ల నమ్మింది. నాకు ఏడుపొచ్చింది. సాయిబు అటు తిరిగి సంచి సర్దుకున్నాడు.

కథ ఇక్కడ ముగిస్తే బాగుంటుందని నాకూ తెలుసు. కానీ కిటికీ మూసినంత మాత్రాన స రాలేదు. ఏప్రిల్ సగం పోయింది. ఫ్యాన్ చప్పుడు కూడా ఉండకూడదు కాబట్టి, ఆ ఎండాకాలంలో ఫ్యాన్ ఆపుకుని రోజూ గంటసేపు చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మేడం చెప్పిన పద్ధతి ప్రకారం, నోటికి బొమ్మల అట్ట అడ్డం పెట్టుకుని, పెదవులు కనపడకుండా మెల్లగా "సబ్బు" అనేవాణ్ని. పాప "అబ్బు" అనేది. సంచికి అంచి. సొంత పేరుకు తల లేని పేరు. మేడం పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ఏ మాటలో స సరిగ్గా పలికినా సరే, వెంటనే ఆ మాటనే మనం తిరిగి అనాలి, మెచ్చుకోవాలి, మళ్లీ అనిపించాలి. మెచ్చుకునే అవకాశమే రాలేదు.

మా బావ అలక తీరి మళ్లీ రావడం మొదలుపెట్టాడు. "ఇంత చేసినా అదే అబ్బు గదా బావా," అని ఓదార్చి పోయేవాడు. ఆయన గేటు దాటగానే ఆయన గురించి నేను అనాల్సింది అనేవాణ్ని. నల్ల అద్దం వెనక్కి తీసుకోమని నంద్యాల అంగడివాడితో ఫోన్లో పోట్లాట నడుస్తూనే ఉంది. ఇంట్లో ఎదుటివాడి మాట శుభ్రంగా వినపడే గది అదొక్కటే కాబట్టి, ఫోన్లన్నీ అక్కడినుంచే చేసేవాణ్ని. ఫోను పెట్టేశాక వాణ్ని కూడా అనాల్సింది అనేవాణ్ని. పాప మూలన బొమ్మతో ఆడుకుంటూ ఉండేది.

మే మధ్యలో ఒక పొద్దున. సబ్బు అట్ట నోటికి అడ్డం పెట్టుకుని ఏడోసారి అన్నాను. ఏడోసారి కూడా అబ్బే. చెమట కళ్లలోకి కారింది. జూన్ ఎంత దూరమో గుర్తొచ్చింది. అట్టను నేలకేసి కొట్టాను. పాప ఆ అట్ట వైపు చూసింది. నా వైపు చూసింది. ఏమీ భయపడలేదు.

"సన్నాసి," అంది.

నా మాటే అది. బావను, అంగడివాణ్ని, టై కట్టుకున్న వాణ్ని, లెక్కల సారును, ఊరందరినీ నేను అనే మాట. చెప్పిన పాఠం ఒక్క ముక్క రాలేదు గానీ ఇది వచ్చింది. మొదట్లో ఉన్న స వచ్చింది, చివర్లో ఉన్న సి కూడా వచ్చింది. సన్నని గాలి, ఎక్కడా తెగలేదు. ఊరి చప్పుడంతా బయట ఆపి, ఆ నిశ్శబ్దంలో నెల రోజులుగా నా బిడ్డకు నేను వినిపించింది ఇదన్నమాట. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. దాంతో పాటే సంతోషమూ ముంచుకొచ్చింది. ఏది ముందో చెప్పలేను.

మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. ఆమె కూడా వింది. నా వైపు చూస్తోంది. నియమం ఆమెకూ తెలుసు.

నేను నేల మీద పాప ఎదురుగా కూర్చున్నాను. నోటికి ఏ అడ్డమూ పెట్టుకోలేదు.

"సన్నాసి," అన్నాను. "బాగా చెప్పినావు తల్లీ. ఇంకోసారి చెప్పు."

నా ముఖంలోకి సూటిగా చూసి, ఇంకోసారి చెప్పింది.